తెలిసిన దెయ్యం

అద్దె తక్కువని ఒక కుటుంబం ఊరి చివర పాత బంగళాలో దిగుతుంది. పెంపుడు కుక్క గుమ్మం దాటనని మొరాయిస్తుంది. చిన్నపిల్ల గోడవైపు తిరిగి ఎవరితోనో గుసగుసలాడుతుంటుంది. మేడమీద తాళం వేసిన గది, దాని జోలికి పోవద్దని చెప్పే వాచ్‌మన్. కరెంటు పోతుంది. బాత్రూం అద్దంమీది ఆవిరి తుడిస్తే భుజం వెనకాల ఇంకో మొహం. ఈలోపే హాల్లో ముందు వరుస కుర్రాడు "ఇప్పుడొస్తది చూడు" అంటాడు. అన్నట్టే వస్తుంది. అన్నవాడితో సహా అందరూ ఉలిక్కిపడతారు, మరుక్షణం నవ్వుతారు, ఎవరో ఈల వేస్తారు.

ఇలాంటి సినిమాకి సమీక్షల్లో దొరికే మాట ‘రొటీన్’. కొత్తదనం లేదు, అన్నీ ఎక్కడో చూసినవే, రెండున్నర స్టార్లు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ మాట అసలు ప్రశ్నను అడగనివ్వదు. అన్నీ చూసినవే అయితే ముందుగా చెప్పిన కుర్రాడు కూడా ఎందుకు ఎగిరిపడ్డాడు? పాత ఇల్లు, మొరాయించే కుక్క, ఆగిపోయే గడియారం, ఇవే సరుకులతో 2013లో జేమ్స్ వాన్ తీసిన ‘ది కంజూరింగ్’ దేశదేశాల్లో జనాన్ని ఎలా వణికించింది? అవే సరుకులు మన దగ్గరికొచ్చేసరికి ఎందుకు తేలిపోతాయి? నా ఉద్దేశం ముందే చెబుతాను. పాత భయాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. ఆ భయం కింద వేయాల్సిన పునాది వేయకపోవడమే తప్పు. తెలుగు సినిమాలో ఆ పునాదికి చోటు దొరకకపోవడానికి ఇంటర్వెల్, ఫ్లాష్‌బ్యాక్, కామెడీ, డబ్బు అనే నాలుగు కారణాలున్నాయి. వీటిలో ఏదీ ఒక్క దర్శకుడి చేతకానితనం మాత్రమే కాదు.

ముందు శరీరం సంగతి చూద్దాం. ఉలికిపాటు వేరు, భయం వేరు. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే ఆలోచనతో పని లేకుండా మెదడు అడుగుభాగం నుంచి కండరాలకు నేరుగా ఆజ్ఞ వెళ్తుంది. సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపే కనురెప్ప మూతపడటం మొదలవుతుంది, మెడ కుంచించుకుంటుంది, భుజాలు లేస్తాయి. వచ్చేది తెలిసినంత మాత్రాన ఇది ఆగదు. కుర్రాడి జోస్యం వాడి మెడ కండరాల దాకా చేరలేదన్నమాట. అందుకే స్పీకర్ ఉన్న ప్రతి దర్శకుడూ ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేయగలడు. అందులో ప్రతిభ ఏమీ లేదు. పక్క గదిలో స్టీలు బిందె జారిపడినా అదే ఫలితం.

అయితే ఈ ప్రతిచర్యకు రెండు గుణాలున్నాయి. ఒకటి, పదేపదే జరిగితే మొద్దుబారుతుంది. అరగంటలో ఆరుసార్లు ధన్‌మని వాయిస్తే ఏడోసారి జనం పాప్‌కార్న్ తింటూనే ఉంటారు. రెండోది సినిమావాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది. మనిషి అప్పటికే భయపడుతూ ఉంటే, అదే చప్పుడుకు ఉలికిపాటు పెరుగుతుంది. 1951లో అమెరికాలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లోనే ఇది తేలింది. షాక్ తగలబోతోందని సూచించే సంకేతం నడుస్తున్నప్పుడు చప్పుడు చేస్తే ఎలుకలు మామూలుకంటే గట్టిగా ఎగిరాయి. అంటే చప్పుడు విలువ చప్పుడులో లేదు, దానికి ముందున్న నిమిషాల్లో ఉంది.

ఎలాంటి చప్పుడు అన్నదీ ముఖ్యమే. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్మట్ అనే కొండ ఉడుతల అరుపుల మీద పనిచేసే డేనియల్ బ్లూమ్‌స్టీన్, తన సహచరులతో కలిసి 2010లో నూటికి పైగా సినిమాల్లోని ధ్వనిని పరిశీలించాడు. ఆపదలో ఉన్న జంతువు కూనలు అరిచేటప్పుడు గొంతు పగిలి వచ్చే గరుకు శబ్దం ఉంటుంది చూశారూ, హారర్ సినిమాల ధ్వనిలో ఆ కోవకు చెందినవే ఎక్కువగా కనిపించాయి. 1960లో ‘సైకో’ స్నానాల గది సన్నివేశానికి వయొలిన్లను కీచుమనిపించిన బెర్నార్డ్ హెర్మన్‌కు ఈ లెక్కలేవీ తెలియవు. చెవికి తెలుసు.

ఉలిక్కిపడేలా చేయడం సినిమాలో ఎప్పుడు మొదలైందంటే చాలామంది చూపించేది 1942 నాటి ‘క్యాట్ పీపుల్’. నిర్మాత వాల్ లూటన్, దర్శకుడు జాక్ టూర్నర్. డబ్బు లేదు, పులిని చూపించే స్తోమత అంతకన్నా లేదు. రాత్రి పూట పార్కు గోడ పక్కన ఒకామె నడుస్తూ ఉంటుంది. వెనక ఇంకో ఆడమనిషి చెప్పుల టకటక. కాసేపటికి ఆ టకటక ఆగిపోతుంది. ముందు నడిచే ఆమె వేగం పెంచుతుంది, వెనక్కి చూస్తుంది, ఎవరూ లేరు. అప్పుడు తెర పక్క నుంచి మృగం బుసకొట్టినట్టు చప్పుడు, సిటీ బస్సు వచ్చి ఆగుతుంది. అంతే. దీన్ని ఇప్పటికీ ‘లూటన్ బస్సు’ అనే పిలుస్తారు. పిల్లుల పేరు పెట్టుకున్న ఆ సినిమా బస్సుతో పని కానిచ్చింది. దాని సంతానమైన మన సినిమాలు మాత్రం 80 ఏళ్లుగా బీరువా మీంచి నల్లపిల్లిని దూకిస్తూనే ఉన్నాయి. బస్సుకు ముందు నడిచిన టకటకను ఎవరూ తెచ్చుకోలేదు.

‘కంజూరింగ్’ దగ్గరికొద్దాం. కథ 1971లో, అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రం హారిస్‌విల్‌లో. పెరన్ దంపతులు, ఐదుగురు కూతుళ్లు. కుక్క లోపలికి రాదు, తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. గడియారాలు 3:07కి ఆగిపోతాయి. బీరువా, నేలమాళిగ, పాత మంత్రగత్తె, చివర భూతవైద్యం. జాబితాగా రాస్తే దీనికంటే రొటీన్ కథ దొరకదు. 1973 నాటి ‘ఎగ్జార్సిస్ట్’, 1979 నాటి ‘అమిటీవిల్ హారర్’ అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ వాన్ ఒక పని చేశాడు. పట్టపగలు, ఇల్లంతా వెలుతురుగా ఉన్నప్పుడు, తల్లీ పిల్లలూ ఆడుకునే ఆట ఒకటి చూపించాడు. తల్లి కళ్లకు గంతలు. పిల్లలు దాక్కుంటారు. ఆమె అడిగినప్పుడు చప్పట్లు కొట్టాలి, ఆ చప్పుడును బట్టి పట్టుకోవాలి. మన దాగుడుమూతలే, కాస్త మార్పుతో. ఆట మధ్యలోనే బీరువాలోంచి రెండు చేతులు చప్పట్లు కొడతాయి. తల్లి నవ్వుతూ అటు వెళ్తుంది. ఆ గదిలో పిల్లలెవరూ లేరని మనకు తెలుసు, ఆమెకు తెలియదు.

తర్వాత రాత్రి నేలమాళిగ మెట్ల మీద, అగ్గిపుల్ల వెలుగులో, ఆమె చెవి పక్కనే రెండు చేతులు వచ్చి చప్పట్లు కొట్టినప్పుడు హాలంతా అరిచింది. ఆ అరుపు అప్పటికప్పుడు పుట్టింది కాదు. చప్పట్లంటే ఈ ఇంట్లో అర్థమేమిటో మనకు పగలే నేర్పించారు. ఇక్కడ పెద్ద సంగీతం కూడా లేదు, చప్పట్ల శబ్దమే ఉంది. రక్తం పెద్దగా చూపించకపోయినా అమెరికాలో ఈ సినిమాకి పెద్దవాళ్లతోనే పిల్లలు చూడాలనే ఆర్ రేటింగ్ వచ్చింది, భయపెడుతోందన్న కారణంగానే. సుమారు 2 కోట్ల డాలర్లతో తీస్తే 30 కోట్లు దాటి వసూలు చేసింది.

దాని పిల్లలు, మనవళ్ల సంగతి చూస్తే ఇంకో నిజం కనిపిస్తుంది. 2018లో వచ్చిన ‘ది నన్’లో చీకటి వసారాలు, తలకిందులైన సిలువలు, హఠాత్తుగా తిరిగే మొహాలు బోలెడు. ఇంట్లో నియమం లేదు, దెయ్యం ఏం చేయగలదో ఏం చేయలేదో ఎవరికీ తెలియదు, కాబట్టి ఏదైనా జరగొచ్చు. ఏదైనా జరగగలిగిన చోట భయపడటానికి పట్టు దొరకదు. విమర్శకులు ఉతికి ఆరేశారు. జనం మాత్రం మొదటి ‘కంజూరింగ్’కంటే ఎక్కువ డబ్బిచ్చారు. కాబట్టి మంచి భయానికే కాసులు రాలతాయని నేను వాదించబోవడం లేదు. చప్పుడుకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

ఇక మన ఇంటికి. తెలుగు ప్రేక్షకుడికి దెయ్యం పాత చుట్టమే, కానీ చాలాకాలం దాన్ని చూసి భయపడే అలవాటు లేదు. విఠలాచార్య 1978లో తీసిన ‘జగన్మోహిని’లో దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లు పెట్టి వంట చేస్తుంది. హాలు చప్పట్లు కొట్టింది. చందమామ బేతాళుడూ అంతే. శవం భుజాన వేలాడుతున్నా పిల్లల ధ్యాసంతా కథ చివర ప్రశ్న మీదే. మన జానపదంలో పిశాచం ఒక పాత్ర. దానికి ఆకలి, అలక, తెలివి అన్నీ ఉంటాయి. రాత్రి చదివి దుప్పటి ముసుగేసుకునే భయాన్ని తెలుగువాళ్లకు విరివిగా పంచింది సినిమా కంటే ముందు యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. అందులో భయం అంతా గడువు మీద నడుస్తుంది. చిన్నపిల్ల మీద ప్రయోగం జరిగింది, రోజులు దగ్గరపడుతున్నాయి, డాక్టర్లు ఒకటి చెబుతారు, మంత్రగాళ్లు ఇంకొకటి. ఏది నిజమో తేల్చకుండానే పుస్తకం మనల్ని పరుగెత్తిస్తుంది. తర్వాత 2008లో రాంగోపాల్ వర్మ హిందీలో అలాంటి కథతోనే ‘ఫూంక్’ తీసినప్పుడు తెలుగు పాఠకులకు అది కొత్త కథ అనిపించి ఉండదు.

అదే వర్మ 1992లో రేవతితో ‘రాత్రి’ తీశాడు, హిందీలో ‘రాత్’గా ఏకకాలంలో. మన సినిమాలో భయాన్ని భయంగా, పాటల మధ్య నంచుకునే పచ్చడిగా కాకుండా తీసిన మొదటి గట్టి ప్రయత్నం అది. కొత్త ఇంట్లో దిగిన కుటుంబం. రివర్స్ చేస్తున్న కారు కింద పడి పిల్లి చచ్చిపోతుంది. పాతిపెడతారు. కొన్నాళ్లకు అచ్చం అలాంటి పిల్లే ఇంట్లో తిరుగుతుంటుంది. పిల్లి దూకడం లేదు ఇక్కడ, పిల్లి ఊరికే కూర్చుని ఉంటుంది. అది కూర్చున్నందుకే మనకు చెమట పడుతుంది, ఎందుకంటే దాన్ని పాతిపెట్టడం మనం చూశాం. నేలకు జానెడెత్తులో కెమెరా ఇంటి వైపు పాకుతూ రావడం సామ్ రైమీ 1981లో ‘ఈవిల్ డెడ్’లో చేసిందే. అప్పు తెచ్చుకున్నదే అయినా వర్మ దాన్ని మధ్యతరగతి ఇంటి వరండాలోకి తెచ్చి తనది చేసుకున్నాడు. 1996 నాటి ‘దెయ్యం’లో ఆ నిగ్రహం సగం పోయింది. 2003లో హిందీలో పాటలు తీసేసి ‘భూత్’ తీసేనాటికి తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆయన దెయ్యాలను ఎన్నిసార్లు పిలిచాడో అవి కూడా మర్చిపోయి ఉంటాయి.

‘రాత్రి’ దారి తెలుగులో ఎందుకు సాగలేదు? మొదటి అడ్డంకి ఇంటర్వెల్. హారర్‌లో భయం మెల్లగా పోగుపడాలి. గంటా నలభై నిమిషాలు ఒకే ఊపిరితో సాగే సినిమాకు అది సాధ్యం. మన సినిమా నడుమ లైట్లు వెలుగుతాయి, సమోసా వాసన వస్తుంది, ఫోన్లు బయటికొస్తాయి. ఆ విరామానికి ముందు ‘బ్యాంగ్’ ఉండాలని ఒక అలిఖిత శాసనం. హారర్‌లో బ్యాంగ్ అంటే దెయ్యం ఎవరిలో ఉందో తెలిసిపోవడం. అంటే దాచుకోవాల్సిన తురుపుముక్కను సగం ఆటలోనే పరిచేయాలి. (సిగరెట్ హెచ్చరిక సంగతి సరేసరి. చీకట్లో నిప్పు ఎవరు వెలిగించబోతున్నారో తెర కింద అక్షరాలు మనకు ముందే చెప్పేస్తాయి.)

రెండో అడ్డంకి ఇంకా పెద్దది. విరామం తర్వాత ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. దెయ్యం ఎవరు? ఒకప్పుడు మంచి అమ్మాయి. నమ్మినవాడు మోసం చేశాడు, నలుగురు కలిసి చంపారు, బావిలో పడేశారు. ఇరవై నిమిషాల్లో హాలంతా దెయ్యం పక్షాన చేరుతుంది. ఇక మిగిలిన సినిమాలో అది ఎవరి గొంతు పట్టుకున్నా మనకు ఆనందమే. 2011 నాటి ‘కాంచన’, 2013 నాటి ‘ప్రేమ కథా చిత్రమ్’, 2014 నాటి ‘గీతాంజలి’, వివరాలు వేరైనా ఎముక ఒకటే. ఇది చెడ్డ పద్ధతని అనలేను. బతికుండగా న్యాయం దొరకని మనిషికి చచ్చాకైనా బలం రావాలన్న కోరిక మన కథల్లో చాలా లోతైనది, గ్రామదేవతల పుట్టుక కథల్లోనూ అదే వినిపిస్తుంది. ‘కాంచన’లో ఒక ట్రాన్స్‌జెండర్ మనిషి ఆక్రోశాన్ని మాస్ ప్రేక్షకుడి చేత ఈలలు వేయించుకునేలా చెప్పడం మామూలు విషయం కాదు. కానీ అది భయం సినిమా కాదు. మొదటి సగంలో భయపెట్టిందంతా రెండో సగంలో వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పే సినిమా. దెయ్యానికి కారణం దొరికాక తలుపు కిర్రుమన్నా మనం పలకరించడానికి లేస్తాం.

‘అరుంధతి’ (2009) ఈ చిక్కును తెలివిగా తప్పించుకుంది. కోడి రామకృష్ణ దెయ్యాన్నే దుర్మార్గుణ్ణి చేశాడు. గద్వాల కోటలో సజీవ సమాధి అయిన పశుపతి మీద జాలి పుట్టే ప్రశ్నే లేదు. అక్కడ అద్దాలు పగలడం, ఈదురుగాలి కంటే సోనూ సూద్ కళ్లకు తోడైన పి.రవిశంకర్ గొంతే పని చేసింది. పదిహేనేళ్లు దాటినా పెళ్లిళ్లలో, ఆఫీసుల్లో ఆ గొంతును అనుకరించేవాళ్లున్నారు. భయం అలా సరదాగా మారడం దానికి దొరికిన గౌరవమే. అయితే ఆ సినిమాలోనూ మనం చూసింది భయం కంటే బలాబలాల పోరు, పురాణం లాంటిది.

మూడోది కామెడీ. ‘ప్రేమ కథా చిత్రమ్’ ఆడిన తీరు చూశాక నాలుగైదేళ్లు తెలుగులో దెయ్యానికి ఒంటరిగా తిరిగే స్వేచ్ఛ పోయింది, పక్కన హాస్యనటుడు తప్పనిసరి. సప్తగిరి లాంటి నటుడు మన బదులు భయపడతాడు. వణుకుతాడు, పరుగెత్తుతాడు, మనం నవ్వుతాం. పోగుపడాల్సిన ఒత్తిడి ఎప్పటికప్పుడు ఆవిరైపోతుంది. నిర్మాతకు ఇది సుఖం. భయం పండకపోతే నవ్వు ఉంది, నవ్వు పండకపోతే భయం ఉంది. ఈ వరసలో తెలివైనది 2017 నాటి ‘ఆనందో బ్రహ్మ’. మహి వి. రాఘవ్ ఆ అరిగిపోయిన భయాలనే సరుకుగా చేసుకుని తిరగేశాడు. దెయ్యాలు తమకు తెలిసిన విద్యలన్నీ ప్రదర్శిస్తుంటే, ఇంట్లో దిగిన మనుషులు వాటిని లెక్కచేయరు, ఎవరి బాధలు వాళ్లవి. చివరికి దెయ్యాలే బెంబేలెత్తుతాయి. ఈ హాస్యం అర్థం కావాలంటే ప్రేక్షకుడికి ఆ పాత భయాలన్నీ కంఠతా వచ్చి ఉండాలి. వచ్చు కూడా.

నాలుగోదానికి వెళ్లేముందు, దిగుమతి సరుకు సంగతి. 2017లో సిద్ధార్థ్ నటించిన ‘గృహం’ మంచు కొండల్లో, పక్కింట్లో దిగిన కుటుంబం చుట్టూ తిరుగుతుంది. పనితనం ఉంది, రెండుమూడు చోట్ల నిజంగా గుండె జారుతుంది. ఇల్లు దాటి బయటికొచ్చాక ఏదీ వెంట రాదు. 2023 డిసెంబరులో వచ్చిన ‘పిండం’ ఈ చర్చకు సరిగ్గా సరిపోయే ఉదాహరణ. సాయికిరణ్ దైదా దర్శకుడు. శ్రీరామ్, ఖుషీ రవి భార్యాభర్తలు. 1990లలో ఒక పల్లెలో పాత ఇల్లు కొనుక్కుని ఆంథోనీ కుటుంబం దిగుతుంది. అది ఎలా నాశనం కాబోయిందో, ఎవరు ఎలా కాపాడారో భూతవైద్యురాలు అన్నమ్మ గతాన్ని తవ్వుతూ చెబుతుంది. పోస్టరు మీదే అత్యంత భయానక చిత్రమని ప్రకటించుకుంది. మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. నవ్వుల ట్రాక్ జోలికి పోలేదు, ఈశ్వరీరావు అన్నమ్మగా గంభీరంగా నిలబడింది. కానీ ప్రతి భయమూ ‘కంజూరింగ్’ ఇంట్లో ఒకసారి అద్దెకుండి వచ్చినదే. పిల్లలు చూసే ఆకారాలు, రాత్రి అటక మీద చప్పుళ్లు, ఒకరి తర్వాత ఒకరికి పట్టడం. మన శ్రాద్ధకర్మను తలపించే పేరు పెట్టుకుని, కుటుంబం క్రైస్తవులదని చెప్పి, ఈ రెండిటి మధ్య ఉండే ఘర్షణను ఏమాత్రం వాడుకోలేదు. చనిపోయినవాళ్లకు పెట్టాల్సింది పెట్టకపోతే ఏమవుతుందన్న భయం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ బతికుంది, కాకి ముట్టకపోతే పెద్దవాళ్ల మొహాలు చూడండి. ఆ భయం పట్టుకుని ఉంటే చప్పుళ్లు సగం తగ్గించినా సరిపోయేది.

దీనికి ఏడాది ముందు, 2022 నవంబరులో వచ్చిన ‘మసూద’లోనూ కొత్త భయం ఒక్కటి లేదు. పట్టిన అమ్మాయి, మారిపోయిన గొంతు, అర్ధరాత్రి తలుపు తట్టడం, తాయెత్తు ఇచ్చే బాబా. అయినా నాకు ఈ దశాబ్దపు తెలుగు హారర్‌లో బాగా పట్టుకున్నది అదే. కారణం ఇల్లు. హైదరాబాద్‌లో ఒక మామూలు అపార్ట్‌మెంట్. భర్త నుంచి విడిగా ఉంటున్న నీలం అనే టీచరు, కాలేజీకెళ్లే కూతురు నాజియా. పక్క ఫ్లాట్‌లో గోపి అనే భయస్తుడైన సాఫ్ట్‌వేర్ కుర్రాడు. దర్శకుడు సాయికిరణ్ (ఇతను వేరే సాయికిరణ్) చాలాసేపు దెయ్యాన్ని పక్కనబెట్టి వీళ్ల ఇరుగుపొరుగుతనాన్నే చూపిస్తాడు. టీ, చిన్నచిన్న సాయాలు, మొహమాటాలు. చాలామంది మొదటి సగం నత్తనడక అన్నారు. ఆ నత్తనడకే పునాది. అర్ధరాత్రి ఆమె తలుపు కొట్టి సాయం అడిగినప్పుడు గోపికి కలిగే భయం దెయ్యం భయం ఒక్కటే కాదు, వెళ్లకపోతే మనిషిని కాకుండా పోతానేమోనన్న భయం కూడా. పక్కింటివాళ్ల కష్టం మన గుమ్మంలోకి వచ్చినప్పుడు తలుపు తీయాలా వద్దా అన్నది నగరంలో బతికే ప్రతివాడి ప్రశ్న. సంగీత ఆ తల్లిగా అరవకుండా, ఏడవకుండా అలిసిపోతూ ఉంటుంది, అది చాలు. ఒక అభ్యంతరం మాత్రం దాచను. నల్లటి బురఖాలో నడిచొచ్చే ఆకారాన్నే భయానికి గుర్తుగా నిలబెట్టడం కళాత్మకంగా తేలిక, సమాజపరంగా అంత తేలికైన విషయం కాదు. బాధితురాలూ కాపాడేవాళ్లలో కొందరూ ముస్లింలే కావడం కొంత బరువు తగ్గిస్తుంది, మొత్తం తగ్గించదు.

‘విరూపాక్ష’ (2023) ఇంకో దారి తొక్కింది. కార్తీక్ దండు కథను 1991లో రుద్రవనం అనే ఊళ్లో పెట్టాడు, సుకుమార్ స్క్రీన్‌ప్లే. అరిష్టం తొలగాలంటే ఊరికి అష్టదిగ్బంధనం చేయాలని పూజారి నిర్ణయిస్తాడు. లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ‘కంజూరింగ్’ చప్పట్ల ఆటలా ఇదొక నియమం, అదీ మనకు పరాయిది కానిది. పొలిమేర గీత కనిపించగానే భయం దానంతట అదే పుడుతుంది. దాన్ని దాటినవాడి గతి చూశాక ఊరి ప్రతి వీధీ బరువెక్కుతుంది. అజనీశ్ లోక్‌నాథ్ సంగీతం కొన్నిచోట్ల అవసరానికి మించి మోగింది. చివరి అరగంటలో ఎవరు, ఎందుకు అన్న వివరణ మొదలవగానే పాత జబ్బు తిరగబెట్టింది. అయినా అప్పటిదాకా కట్టిన గోడ కూలలేదు.

ఆ సినిమా మొదలయ్యేది 1979లో, చేతబడి చేశారన్న అనుమానంతో ఊరు ఒక జంటను చెట్టుకు కట్టి తగలబెట్టడంతో. ఇది కల్పన అని నిశ్చింతగా చూసే వీలు తెలుగువాళ్లకు లేదు. తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరుతో మనుషుల్ని కొట్టిన, పళ్లు ఊడగొట్టిన, ప్రాణాలు తీసిన ఘటనలు పత్రికల్లో చదువుతూనే పెరిగాం. మహారాష్ట్ర 2013లో, మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత ఇలాంటి ఆచారాలపై చట్టం తెచ్చింది, కర్ణాటక 2017లో తెచ్చింది. మన సినిమాలు మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెడతాయి. మొదట్లో అమాయకుల్ని చంపిన మూఢత్వాన్ని ఖండిస్తాయి, చివర్లో చేతబడి నిజంగానే పనిచేస్తుందని చూపిస్తాయి. 2021లో ఓటీటీలో వచ్చిన ‘మా ఊరి పొలిమేర’, 2023 నాటి దాని రెండో భాగం ఆ విద్యను ఒక మామూలు ఆటో డ్రైవరు బతుకులోకి తెచ్చి, ఉత్కంఠను భలేగా నడిపాయి. సత్యం రాజేశ్‌ను హాస్యనటుడిగానే చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. కానీ ముగ్గు, నిమ్మకాయ, బొమ్మ చూపించిన ప్రతి షాటూ ఏదో ఊళ్లో ఒక ముసలామె వైపు చూపుడువేలు అవుతుందేమోనన్న శంక నన్ను వదల్లేదు. హారర్ శాస్త్రపాఠం చెప్పాలని కాదు. ‘తులసిదళం’ లాగా సందేహాన్ని సందేహంగా ఉంచినా కథకు నష్టం లేదు, భయం పెరుగుతుంది కూడా.

నాలుగో అడ్డంకి డబ్బు. హారర్ కొత్త దర్శకుడి ప్రవేశద్వారం. పెద్ద హీరో డేట్లు అక్కర్లేదు, విదేశీ పాటలు అక్కర్లేదు, ఒక ఇల్లు దొరికితే చాలు. ఓరెన్ పెలి తన సొంత ఇంట్లో వారం రోజుల్లో, సుమారు 15,000 డాలర్లతో తీసిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ 19 కోట్ల డాలర్లు దాటి తెచ్చిపెట్టిందన్న కథ ప్రపంచంలో ప్రతి చిన్న నిర్మాతకూ తెలుసు. కానీ చిన్న నిర్మాతకు ధైర్యం కూడా చిన్నదే. స్క్రిప్టు వినేటప్పుడు ఇది దేనిలా ఉంటుందని అడుగుతాడు. ఆడిన సినిమా పేరు చెబితే సంతకం అవుతుంది. దాంతో కొత్త కుర్రాడి మొదటి సినిమాలో పాత సినిమా భయాలన్నీ హామీ పత్రాల్లా వరసగా కూర్చుంటాయి. ట్రైలర్‌కు నాలుగు ఉలికిపాట్లు కావాలి, అవి ట్రైలర్‌లోనే అయిపోతాయి. ఓటీటీ వచ్చాక ఇంకో తమాషా. భయమేస్తే పది సెకన్లు ముందుకు జరుపుకునే సౌకర్యం ప్రేక్షకుడి బొటనవేలి కింద ఉంది.

ఇదే డబ్బుతో ఏం చేయవచ్చో చూడాలంటే ఎక్కువ దూరం పోనక్కర్లేదు. 2022 జనవరిలో రాహుల్ సదాశివన్ మలయాళంలో తీసిన ‘భూతకాలం’ ఉంది. తల్లి, కొడుకు, ఒక అద్దె ఇల్లు. అమ్మమ్మ చనిపోయింది. తల్లి స్కూలు టీచరు, మానసిక కుంగుబాటుకు మందులు వాడుతుంది. కొడుకు చదువు పూర్తిచేసి ఉద్యోగం దొరక్క తాగుడుకు దగ్గరవుతున్నాడు. రాత్రిళ్లు ఇంట్లో ఏదో ఉందని అతనంటే, నీ తాగుడని ఆమె అంటుంది, ఆమె జబ్బని బంధువులంటారు. తలుపు దానంతట అది తెరుచుకోవడం, మంచం కింద చూడటం, గదిలో లైటు ఆరిపోవడం, అన్నీ తెలిసిన భయాలే. తెరుచుకున్న తలుపు ముందు నిలబడ్డ వాడి మాట ఇంట్లో ఎవరూ నమ్మరన్నది మాత్రం మనకు చాలా ముందే చెప్పారు. దెయ్యాన్ని చివరిదాకా దాచారు, అది ఎవరో ఎందుకో పాటలో చెప్పలేదు. ఆ తల్లి పాత్రకు కేరళ రాష్ట్ర ఉత్తమ నటి అవార్డు తీసుకున్నది రేవతి, ముప్పై ఏళ్ల కిందట ‘రాత్రి’లో కూతురుగా నటించిన రేవతి. ఈ మధ్యకాలంలో తెలుగు హారర్ ఆమెకు ఏం పాత్ర రాసి ఉండేదని ఆలోచిస్తే, తాళం వేసిన గది తెరవొద్దని హెచ్చరించే పనిమనిషి తప్ప నాకు మరొకటి తట్టడం లేదు.